ఎడమకు తిప్పినప్పటి చప్పుడు

“ఏం లేదు” అన్న రెండు మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. జ్వరం వచ్చిందంటే ఏం లేదు. కడుపులో నొప్పంటే ఏం లేదు. కాలేజీలో ఒకాయన వెకిలిగా మాట్లాడుతున్నాడంటే ఏం లేదు, పట్టించుకోకు. పుట్టింట్లో, అత్తింట్లో, దవాఖానలో, అన్నిచోట్లా ఈ రెండు మాటలతోనే నా నోరు మూయించారు. మొన్నటి దసరా తర్వాత నా కారు ముందు చక్రంలో చప్పుడు మొదలైనప్పుడు కూడా దొరికిన జవాబు అదే. కాకపోతే ఈసారి నేను నోరు మూసుకోలేదు.

నేను నర్సంపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇల్లు వరంగల్‌లో. చాలా ఏళ్లు బస్సుల్లోనే తిరిగాను. ఒకరి మోచెయ్యి పక్కటెముకల్లో, ఇంకొకరి యూరియా బస్తా కాళ్ల మీద, కండక్టరు గొడవ నెత్తిమీద. కారు అప్పట్లో మా ఆయన తోలేవాడు. తర్వాత ఆయన ఆఫీసు ఇంటికి దగ్గరగా మారింది, మోటారు సైకిలు చాలన్నాడు. కారు కవరు కప్పుకుని ఇంటి ముందు దుమ్ము తింటూ పడి ఉంటే నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. మొదట ఆయన నవ్వాడు. తర్వాత నలుగురిలో మా ఆవిడ కారు తోలుతుందని గొప్పగా చెప్పుకున్నాడు. ఆ తర్వాత తప్పులు వెతకడం మొదలుపెట్టాడు. నేనవేవీ లెక్కచేయలేదు. పొద్దున కారెక్కి తలుపు వేసుకుంటే కాలేజీ వచ్చేదాకా నన్ను ఎవరూ పిలవరు. కూర ఏం వండాలి, గ్యాసు వచ్చిందా, నా తువ్వాలు ఎక్కడ అని ఎవరూ అడగరు. కారు ఎవరి పేరు మీద ఉంటేనేం, ఈ లోకంలో నాది అనిపించిన చోటు అదొక్కటే.

చప్పుడు సంగతి చెబుతాను. మా ఇల్లు గల్లీ చివర ఉంటుంది, అక్కడితో దారి ఆగిపోతుంది. కారును బయటకు తీయాలంటే స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి కొంచెం ముందుకు, మళ్లీ వెనక్కి, మళ్లీ పూర్తిగా ఎడమకు తిప్పి ముందుకు పోవాలి. సరిగ్గా అప్పుడే వచ్చేది. టక్, టక్, టక్. ఎడమ చక్రం నుంచి. కారు మెల్లగా పోతే మెల్లగా, కొంచెం తొందరగా పోతే తొందరగా. స్టీరింగ్ నేరుగా రాగానే మాయమయ్యేది.

మా ఆయనకు చెప్పాను. ఆయనకు ఒక అలవాటుంది. గల్లీలో కారు తిప్పడం ఆయనకు మహా చిరాకు. నేను కిందామీదా పడి తీసి రోడ్డు మీద నిలబెట్టిన తర్వాతే వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. అద్దాలు ఎక్కించి, ఏసీ వేసి, పాటలు పెట్టాడు. రోడ్డు మీద కొంత దూరం నేరుగా తీసుకుపోయి, మూల దగ్గర వెడల్పుగా తిప్పుకుని, మళ్లీ నేరుగా తీసుకొచ్చాడు.

“ఏం లేదు” అన్నాడు.

“ఎడమకు తిప్పితే వస్తది.”

“ఇందాక మూలకాడ తిప్పిన గద. వచ్చిందా?”

“పూర్తిగా తిప్పాలె. గా పాటలు బందు జెయ్యి.”

“రోడ్డు మీద పూర్తిగా ఎవడు తిప్పుతడే? నువ్వు క్లచ్ మీద కాలు తియ్యకుండ తోలుతవ్. గదే సప్పుడు.”

క్లచ్ మీద కాలు పెడితే చక్రంలో టక్‌మనడం ఎక్కడైనా ఉంటుందా? పిల్లలకు శబ్ద తరంగాల పాఠం చెప్పి చెప్పి గొంతు అరిగిపోయిన దాన్ని. చప్పుడు ఎక్కడ పుడుతుందో, ఎలా ప్రయాణిస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తాను. నా ఇంట్లో నాకు మాత్రం చెవులు లేవు, క్లచ్ మీద కాలు మాత్రమే ఉంది.

పోరగా పోరగా ఆయనకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. కారు తోలేది నేను, చప్పుడు విన్నది నేను, ఎదురుగా నిలబడింది నేను. ఆ మెకానిక్ మాత్రం మా ఆయన ముఖం చూసి మాట్లాడాడు.

“ఎప్పటి సంది వస్తాందన్నా?”

“దసరా అయినంక” అన్నాను నేను.

“బండి ఎక్కువ మేడమే తోలుతదా అన్నా?” అన్నాడు ఆయన్నే చూస్తూ.

జాకీ పెట్టి చక్రం లేపాడు. పైనా కిందా పట్టుకుని ఊపాడు, చేత్తో గిర్రున తిప్పాడు. చెవి దగ్గర పెట్టి విన్నాడు. బేరింగ్ పోతే గుర్రుమంటుందట, అలాంటిదేమీ లేదట. స్టీరింగ్ ఎడమకు తిప్పి చూడమన్నాను. “చక్రం మంచిగ తిరుగుతాంది గద మేడం. ఎటు తిప్పినా గదే చక్రం” అని జాకీ దించేశాడు. చేతులు తుడుచుకుంటూ మా ఆయనతో, “ఏం లేదన్నా. ఫికర్ చెయ్యకుండ్రి. మేడంకు జర గేర్లు లేని బండి ఇప్పియ్యుండ్రి” అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయన తీర్పు చెప్పాడు. డోర్నకల్‌లో రైల్వేలో పనిచేసే స్నేహితుడు పాత కారు వెతుకుతున్నాడట. ఆదివారం మధ్యాహ్నం వచ్చి చూసుకుని తీసుకుపోతాడట.

“ఎందుకు అమ్ముడు?”

“రేపు నర్సంపేట రోడ్డు మీద చక్రం ఊడితే ఎవరు జవాబు చెప్తరు? అందరు బస్సుల పోతలేరా?”

“సప్పుడే లేదంటివి. సప్పుడు లేనప్పుడు చక్రం ఎట్ల ఊడ్తది?”

ఆయన పెరుగు కలుపుకున్నాడు. జవాబు లేని చోట మగవాళ్లకు పెరుగన్నం చాలా పనికివస్తుంది.

కోపంలో అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ ఇదే ఊళ్లో, కొత్తవాడలో ఉంటుంది. నాన్న పోయాక ఒక్కతే. నేను పుట్టింది మరమగ్గాల మధ్య. సాంచెలు అంటాం మేము. ముందు గదిలో నాలుగు సాంచెలు, వెనక వంటిల్లు. అవి ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినబడదు. ఆ మోతలో అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె కాలుస్తూ ఉన్నట్టుండి తల ఎత్తేది. “మూడోది” అనేది. అంతే, నాన్న మారు మాట లేకుండా పోయి మూడో సాంచె ఆపేవాడు. దారమో, తోలు పట్టో, ఏదో ఒకటి తెగబోతూ ఉండేది. కొన్నిసార్లు ఏమీ ఉండేది కాదు. అయినా నాన్న ఆమెను ఒక్క మాట అనగా నేను వినలేదు. అలాంటి ఇంట్లో పెరిగాను కాబట్టి అమ్మ అయినా నా మాట నమ్ముతుందనుకున్నాను.

అమ్మ అంతా విన్నది. తర్వాత, “అమ్ముతే అమ్మనీ బిడ్డా. బస్సుల పోతే ఏమాయె” అంది.

ఫోన్ పెట్టేశాను. నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఒకటే అనుకున్నాను. ఆదివారం ఆ స్నేహితుడు వచ్చేలోపు ఈ చప్పుడు ఏమిటో నేనే పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే కారు పోతుంది. కారుతో పాటు, ఈమెకు తోలడం రాక లేని చప్పుళ్లు విన్నది అన్న పేరు జీవితాంతం నాకు మిగులుతుంది.

ఆదివారం తెల్లవారగానే మార్కెట్ యార్డు పక్క రోడ్డుకు తీసుకుపోయాను. పత్తి సీజనులో అక్కడ కాలు పెట్టే సందు ఉండదు, ఆదివారం మాత్రం కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. పొడుగ్గా ఒక ప్రహరీ గోడ. ఎడమ అద్దం పూర్తిగా దించి గోడకు ఆనుకుని మెల్లగా నడిపాను. చక్రం చప్పుడు గోడకు తగిలి తిరిగి చెవిలోకి వస్తుంది. నేరుగా పోయినంతసేపు టైరు కింద ఇసుక నలిగిన చప్పుడే. బ్రేకు తొక్కాను, తేడా లేదు. గేరు తీసి, క్లచ్ వదిలి, బండిని దాని పాటికి దొర్లనిచ్చాను. నా కాలు ఎక్కడా లేదు. తర్వాత రోడ్డు వెడల్పుగా ఉన్నచోట స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి ఒక చుట్టు వేశాను. ఏమీ రాలేదు. సగం ఎడమకు తిప్పాను. రాలేదు. పూర్తిగా ఎడమకు తిప్పాను.

టక్, టక్, టక్.

చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక టక్. బేరింగ్ అయితే ఒకటే మోతగా ఉండాలి, తిప్పినా తిప్పకపోయినా ఉండాలి. ఇది చక్రం మీద ఒకే ఒక్క చోట దేనికో తగులుతోంది, అదీ చక్రం వెనక అంచు లోపలికి మళ్లినప్పుడే. అంటే తగిలేది చక్రం వెనకాల, లోపలి వైపు ఉంది. అది చూడాలంటే స్టీరింగ్ ఇటు కాదు, అటు తిప్పాలి. పూర్తిగా కుడికి తిప్పితే ఎడమ చక్రం వెనక అంచు బయటకు వస్తుంది, సందు తెరుచుకుంటుంది. ఇంత చిన్న ఆలోచన, ఒక్కసారి స్టీరింగ్ తిప్పే పని, ఇద్దరు మగాళ్లకు బరువైపోయింది.

కుడికి తిప్పి, బండి ఆపి, చున్నీ నడుముకు చుట్టుకుని రోడ్డు మీద వెల్లకిలా పడుకున్నాను. ఫోన్ లైటు వేసి సందులోకి చూశాను. చక్రాన్ని అటూ ఇటూ తిప్పే సన్నని కడ్డీ ఒకటి ఉంటుంది. దానికి నల్లబడిపోయిన దారం చుట్టి ఉంది. దారం కొసకు వేలి పొడుగు ఇనుప మొన ఒకటి వేలాడుతోంది. రిమ్ము లోపలి అంచుకు బ్యాలెన్సు కోసం కొట్టిన చిన్న సీసం ముక్క ఉంటుంది కదా, చక్రం తిరిగినప్పుడల్లా అది వచ్చి ఈ మొనను తాకుతోంది.

చెయ్యి పెట్టి లాగాను. దారం తెగలేదు. తాళంచెవితో కోయాల్సి వచ్చింది. వెలుతురులోకి తెచ్చి చూస్తే, మసి కింద పసుపు. ముడి చూడగానే గుర్తుపట్టాను. తెగిన పోగులు కలపడానికి మా ఇళ్లలో వేసే ముడి అది. లాగినకొద్దీ బిగుస్తుంది. ఇనుప మొన సాంచె మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెకు చివర ఉండేది. అలాంటి ముడి వేసి, అలాంటి మొన దాచుకునే మనిషి నాకు ఈ ఊళ్లో ఒక్కరే తెలుసు.

అప్పుడు దసరా గుర్తొచ్చింది. మా నేతవాళ్లలో ఆ రోజు సాంచెలకు పూజ. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కదిలే కడ్డీకి పసుపు దారం కడతారు. సాంచె మళ్లీ ఆడడం మొదలుపెట్టాక ఆ దారం అరిగి దానంతట అదే రాలిపోవాలి. సాంచెలు పాత ఇనుముకు పోయాక అమ్మకు పూజ చేయడానికి ఏమీ మిగలలేదు. ఈ దసరాకు నా కారు తెమ్మంది. తీసుకుపోయి గుమ్మం ముందు కుడికి తిప్పి ఆపాను. బొట్లు పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నేను లోపల అన్నం తింటున్నంతసేపు బయటే ఉంది. ఏం చేస్తోందని అడగలేదు.

నేరుగా కొత్తవాడ పోయాను. అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆ మొన తీసుకెళ్లి ఆమె ముందున్న పళ్లెంలో పడేశాను.

“దొరికిందా” అంది.

“ఎందుకు కట్టినవే అమ్మా?”

“దసరా గద. సాంచెలు లేకపాయె. తిరిగేది నీ బండే ఉండె. సాంచెకు కట్టినట్టే కట్టిన.”

“సాంచెకు దారం కడ్తవు. ఇనుము ఎందుకు కట్టినవ్?”

“దిష్టి తగలొద్దని. మీ నాయిన నాడెది అది. ఆయన నీ ఎంట ఉన్నట్టుంటదని.”

నా కోపం ఒక్క క్షణం తడబడింది. ఒక్క క్షణమే. “అల్లుడు తోలినప్పుడు కూడ సాంచెలు లేవు. అప్పుడెన్ని దసరాలు పోలే? అప్పుడెందుకు కట్టలే?” అన్నాను.

అమ్మ చిక్కుడుకాయను పక్కన పెట్టింది. “ఆయన మొగోడు గద బిడ్డా. ఆయన తోల్తే నాకు భయం కాలే.”

“సరే. సప్పుడు సప్పుడని నేను ఫోన్ల మొత్తుకుంటాంటే ఎందుకు చెప్పలే? నీకు తెల్వదా?”

“అనుమానముండె.” ఆమె నా వైపు చూడలేదు. “ఇప్పుతే నీకేమన్న అయితదని భయమాయె. చెప్తే అల్లుడు నవ్వుతడని సిగ్గాయె. బండే పోతే పీడ పోతది, బస్సుల పోతవు, సల్లగ ఉంటవు అనుకున్న.”

అమ్మ మీద నేను అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఎదురింటి వాళ్లు తలుపు తీసి చూశారు. చూడనిచ్చాను. “నువ్వు మూడోది అంటే నాయిన సాంచె ఆపేటోడు. ఒక్కనాడన్న ఏం లేదు అన్నడా నిన్ను? నేను గన్ని దినాలు చెప్తే అందరు కలిసి నన్ను పిచ్చిదాన్ని చేసిండ్రు. అండ్ల నువ్వు కూడ ఉన్నవ్. నీకు తెలిసి కూడ ఉన్నవ్” అన్నాను. ఏడుపు వచ్చింది. కోపంలో ఏడుపు రావడం నాకు అసహ్యం, అయినా వచ్చింది.

అమ్మ పళ్లెం లోపల పెట్టి, కొంగు దులుపుకుని లేచింది. “పా. నేనే చెప్త అల్లునికి” అంది. ఎప్పటిలాగే వెనక సీట్లో కూర్చుంది.

మేము పోయేసరికి ఆ స్నేహితుడు వచ్చి ఉన్నాడు. మా ఆయన ఆయనకు చాయ్ ఇచ్చి కారు మైలేజీ గురించి చెబుతున్నాడు. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, అంతా చెప్పింది. దసరానాడు కట్టిన సంగతి, మొన సంగతి, తెలిసీ చెప్పని సంగతి. నేను మొన తీసి బల్ల మీద పెట్టాను. ఇప్పుడైనా మా ఆయన నా ముఖం చూసి ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను.

ఆయన పకపకా నవ్వాడు. “తప్పేం జేయలే అత్తమ్మా. ఈమె తోలుడు చూస్తే నాకు కూడ ఏదన్న కట్టబుద్ధయితది” అన్నాడు. స్నేహితుడు కూడా నవ్వాడు. చప్పుడు ఉందని రుజువయింది, ఎక్కడుందో నేను పట్టుకున్నాను, అది నా తోలుడు వల్ల రాలేదు. ఇవన్నీ బల్ల మీద ఉండగానే మళ్లీ నా తోలుడు దగ్గరికే వచ్చారు. ఆ చాయ్ కప్పులు తీసి నేలకు కొట్టాలనిపించింది.

అమ్మ నవ్వలేదు. “నవ్వేది కాదు బాపు. తప్పు నాది. నా బిడ్డ చెప్పింది నిజముండె. మీరెవరు ఇనలే, నేను కూడ ఇనలే” అంది.

ఆయన నవ్వు ఆగిపోయింది. నేను స్నేహితుడితో, “అన్నా, డోర్నకల్ నుంచి ఇంత దూరం వచ్చినవ్. అన్నం తిని పో. కారు మాత్రం ఇయ్య” అన్నాను. తాళంచెవి నా పిడికిట్లోనే ఉంది. మా ఆయన దాని వైపు చూశాడు కానీ అడగలేదు. “సప్పుడు పోయింది గద. ఇగ ఏం లేదు” అని లోపలికి పోయాడు. క్షమించమని అడగడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. దాని మీద కోపం నాకు ఇంకా ఉంది, దాచను.

సాయంత్రం అమ్మను దింపడానికి బయలుదేరాను. అమ్మ వెనక తలుపు పట్టుకుని, ఏమనుకుందో, వదిలేసి ముందుకు వచ్చి నా పక్కన కూర్చుంది. నా కారులో ఆమె ముందు సీట్లో కూర్చోవడం అదే మొదలు. గల్లీలో స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పాను. టక్ లేదు. మళ్లీ వెనక్కి, మళ్లీ ఎడమకు. లేదు. అమ్మ మీద కోపం అలాగే ఉంది.

రోడ్డెక్కి కొంచెం దూరం పోయాక అమ్మ తల ఎత్తింది. పొయ్యి దగ్గర ఎత్తినట్టే.

“బిడ్డా, కుడి దిక్కు ఏదో సన్నగ గీకుతాంది.”

నాకేమీ వినబడలేదు. అప్పుడే కదా అన్నీ తిప్పి చూశాను. ఆ రెండు మాటలు నా నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. ఎంత తేలిగ్గా వస్తాయో అప్పుడు తెలిసింది.

కారు పక్కకు తీసి ఆపాను. అద్దాలు దించాను.

“ముందటనా, ఎనుకనా?” అని అమ్మను అడిగాను.